మూడు వేల దగ్గర ముల్లు

కాన్వెంట్ జంక్షన్ దాటి మా జ్ఞానాపురం సందులోకి
ఆ ఎర్ర ట్రయంఫు ఎలా పట్టిందో ఇప్పటికీ తెలీదు.
అప్పుడే తుడిచిన షట్టరు మీద
పోర్టు బొగ్గు మళ్ళీ ఒక పొర పరుచుకుంటోంది.
జోగారావు గారు సీటు దిగకుండానే అరిచారు,
దెబ్బలాటనుకుని వీధంతా గుమ్మాల్లోకొచ్చింది:
"ముల్లు తాగినోడిలా ఊగుతోందయ్యా!
మూడు వేల దగ్గర పెడితే
రెండుకీ నాలుక్కీ మధ్య!"

బానెట్ మీద అరచెయ్యి ఆన్చాను.
ఇంజను ఊగడం లేదు.
నాలుగు సిలిండర్లూ వంతులు తప్పకుండా
తెడ్డు వేస్తున్నాయి.
"ముల్లుతో పనేటండీ, చెవికి తెలుస్తాది కదా"
అన్నాను.

ఆయన నా పెదాలు చూశారు. కాసేపాగి
చెవి వెనక వేలు పెట్టి చూపించారు.
ముప్పై ఒక్క ఏళ్ళు ఓడల ఇంజన్ రూముల్లో.
కుడిచెవి ఒక్క ప్రయాణంలో పోయింది,
ఎడమది కొంచెం కొంచెంగా,
అలకింత చొప్పున ఇసక జారినట్టు.
ఒకప్పుడు డయల్ వంక చూసేవాణ్ణే కాదు.
ఇప్పుడు ఇంజను నాతో మాట్లాడేది
ఆ ముల్లుతోనే.
అదీ అబద్ధాలు మొదలెట్టింది.

డిస్ట్రిబ్యూటర్ ఊడదీశాను.
కేబులు నట్టు తిప్పితే నల్లటి గ్రీజు,
గ్రీజులో మెరిసే కంచు రజను.
షాఫ్టు మీది మర బాగానే ఉంది.
దానికి అడ్డంగా తిరిగే బుల్లి గేరు,
చిటికెనవేలి కణుపంత,
పళ్ళ నడిమిన చుట్టూ గీత పడి అరిగింది.
బుష్షు కోడిగుడ్డయింది.

కొత్తది సీమలో దొరుకుతుందట, రెండు నెలలట.
మా కుర్రాడు దాలినాయుడు వెతికి వెతికి
ఫోను ఛార్జింగు అవగొట్టాడు.

షిప్‌యార్డులో టర్నరు, మా లాజరు మేస్త్రి అనేవాడు:
"అరిగింది అందరూ సూత్తారు.
అరగందేటో సూడ్రా."
చూశాను, కళ్ళద్దాల మీద ఇంకో అద్దం పెట్టి.
ఆ గీతకి అటూ ఇటూ పన్ను
కంపెనీలో కోసినంత పదునుగా ఉంది.
అరవై ఏళ్ళూ నడిమి గీతే బరువు మోసింది,
పక్కది నూనెలో నిద్రపోయింది.

పాత పంపు కంచులోంచి బుష్షు తీశాను.
మూడు పాడయ్యాయి. మూడోదాన్ని
రోడ్డవతలకి విసిరేశాను కూడా.
నాలుగోది తోస్తే దిగింది, వదిలితే నిలబడింది.
గేరు వెనక ఒక ఇత్తడి వాషరు,
గోరు మందం.
అంతే జరిగింది గేరు.
అంత జరిగితే చాలింది.

నేను పనిలో ఉన్నంతసేపూ ఆయన
లేతు పక్కన స్టూలేసుకుని
మంచం మీద నాలుగు వేళ్ళూ ఆన్చుకు కూచున్నారు.
టీ తాగుతూ అన్నారు,
"నీ హెడ్డు బేరింగు పోతోంది, తెలుసా?"
నాకు తెలీదు.
రెండు చెవులూ ఉన్నవాణ్ణి.

సాయంత్రం కోస్టల్ బ్యాటరీ నుంచి బీచి రోడ్డు.
వంతు రాని ఓడలు దూరంగా దీపాలు పెట్టుకున్నాయి.
రెండు వేలు. రెండున్నర.
తెన్నేటి పార్కు ఎత్తు ఎక్కుతుంటే మూడు వేలు.
ముల్లు కదల్లేదు.
మొక్కజొన్న కండెలమ్మే ఆవిడ ఉలిక్కిపడేలా
"చూశావా!" అన్నారు.

చూశాను. విన్నాను కూడా:
రెండో సిలిండరు దగ్గర సన్నగా టకటక.
వాల్వు క్లియరెన్సు.
చెబుదామా మానేద్దామా అని జోడుగుళ్ళపాలెం దాకా
ఊరుకున్నాను.
పొద్దుటినించీ మా సందులో ఉన్న బండి,
డాష్‌బోర్డు నిండా బొగ్గు.
దాని మీద వేలితో రాశాను:
*రెండో వాల్వు మోగుతోంది. వచ్చే నెల తెండి.*

ఆయన చదివారు.
స్టీరింగు వదలకుండా, వంకర అక్షరాలతో,
కింద ఇంకో ముక్క రాశారు:
*ముందు నీ బేరింగు.*